బరువు చేరింది, ఫోటో ఆగింది: చీమకుర్తి – ఒంగోలు టన్నెల్ కేసు

ప్రకాశం జిల్లా చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైటు కోసే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. దాని లెక్కల ఆఫీసు ఒంగోలులో. కర్నూలు రోడ్డు మీద మధ్య దూరం ఇరవై కిలోమీటర్ల చిల్లర. ఫ్యాక్టరీ గేటు పక్కన లారీలు తూచే కాటా, కాటా గదిలో ఒక పాత డెస్క్‌టాప్, అందులో డెబియన్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం. కాటా ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ మీదుగా బరువు ఆ యంత్రంలోకి వస్తుంది. రెండు కెమెరాలు లారీ నంబరునూ పైనున్న సరుకునూ ఫోటో తీస్తాయి. ఒంగోలు ఆఫీసులో ఇంకో లినక్స్ యంత్రం, అందులో బిల్లులూ ఖాతాలూ. ఈ రెండింటినీ ఇంటర్నెట్ మీదుగా ఒక రహస్య దారితో, అంటే టన్నెల్‌తో, కలపడం నాకు అప్పగించిన పని.

గెలాక్సీ అంటే నల్లటి రాయిలో బంగారు చుక్కలు. బజారులో గ్రానైటు అంటారు గానీ భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి. ఘన మీటరు మూడు టన్నులకు కాస్త అటూ ఇటుగా తూగుతుంది. అందుకే కాటా మీద అంకె ఒకటి తారుమారైతే తేడా వేల రూపాయల్లో కనబడుతుంది. 50 వేల రూపాయల విలువ దాటిన సరుకు గేటు దాటాలంటే ఈ-వే బిల్లు కావాలి. ఆ బిల్లు తీసేది ఒంగోలులో. యజమాని ఇంకో నియమం కూడా పెట్టారు: ఫోటో కళ్ళతో చూడనిదే గుమస్తా బిల్లు తీయకూడదు.

టన్నెల్ రాకముందు ఇదంతా ఫోను మీద నడిచేది. కాటా గుమస్తా బరువు చదివేవాడు, ఒంగోలులో రాసుకునేవారు. "ముప్ఫై ఎనిమిది వేల ఎనభయ్యా, ఎనిమిది వందలా?" అని రెండోసారి అడగడం రోజూ ఉన్నదే. ఫోటోలు గుమస్తా సొంత ఫోను నుంచి వెళ్ళేవి. అతను సెలవు పెడితే ఆ రోజు ఫోటోలు లేనట్టే.

ఏ పద్ధతి ఎంచుకోవాలి?

దీనికి ఎక్కువ సమయం పట్టలేదు. దూరపు యంత్రంలోకి గుప్తంగా లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌తోనే ప్యాకెట్లను (డేటా ముక్కలను) మోసే టన్నెల్ వేయడం తేలిక. కానీ అది టీసీపీ మీద, అంటే దారిలో పోయిన ప్యాకెట్‌ను మళ్ళీ పంపే పద్ధతి మీద నడుస్తుంది, లోపల నడిచే పనులూ టీసీపీ మీదే. మొబైల్ డేటాలో ఒక ప్యాకెట్ పోతే లోపలి పొరా, బయటి పొరా రెండూ మళ్ళీ పంపడానికి పూనుకుంటాయి, లైను సన్నగా ఉన్నప్పుడే రద్దీ పెరుగుతుంది. జీఆర్‌ఈ అనే పాత టన్నెల్‌కు గుప్తీకరణ లేదు, పైగా పోర్టు నంబరు (ఏ ప్రోగ్రాముకు చేరాలో చెప్పే అంకె) లేని ప్రోటోకాల్ కావడంతో ఇంటి రౌటర్ల గుండా దాటడం కష్టం. ఓపెన్‌వీపీఎన్, ఐపీసెక్ అనే టన్నెల్ పద్ధతులు రెండూ ఈ పని చేయగలవు. కానీ రెండు యంత్రాల కోసం సర్టిఫికెట్లు తయారు చేసి, వాటి గడువులు గుర్తుపెట్టుకునే మనిషి ఆ ఆఫీసులో లేడు.

నేను ఎంచుకున్నది వైర్‌గార్డ్. అది 2020 మార్చిలో వచ్చిన 5.6 కెర్నెల్ (లినక్స్ మూల భాగం) నుంచి లినక్స్‌లోనే భాగం. యూడీపీ మీద, అంటే పోయిన ప్యాకెట్‌ను తనంతట తాను మళ్ళీ పంపని పద్ధతి మీద నడుస్తుంది. ఒక్కో వైపు అమరిక పది పంక్తులు దాటదు. ఇంకో గుణం నాకు ఎక్కువ నచ్చుతుంది: సరైన కీ (గుప్తీకరణ తాళంచెవి) లేకుండా వచ్చిన ప్యాకెట్‌కు అది జవాబే ఇవ్వదు. బయటి నుంచి పోర్టులు వెతికేవాళ్ళకు అక్కడ ఏదో నడుస్తోందన్న జాడ కూడా దొరకదు.

అడ్రసు దొరకని చిక్కు

టన్నెల్‌కు కనీసం ఒక కొస అయినా బయటి నుంచి అందుబాటులో ఉండాలి. చీమకుర్తిలో ఉన్నది 4జీ సిమ్ము వేసిన రౌటరు. అది బయటికి కనబడదని ముందే తెలుసు. ఒంగోలులో ఫైబర్ ఉంది కదా, ఇబ్బంది ఉండదని ఆఫీసువాళ్ళు ధీమాగా ఉన్నారు. ఆ రౌటరు తెరిచి చూస్తే బయటి వైపు అడ్రసు 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రసులు ఇంటర్నెట్ సంస్థలు తమ లోపలి వాడకానికి ఉంచుకున్నవి. 2012లో ఆ వరుసను ఇందుకోసమే కేటాయించారు. అంటే సంస్థ ఒకే బయటి అడ్రసును ఎందరో చందాదారులకు పంచుతోంది. మన రౌటరులో ఎన్ని పోర్టులు తెరిచినా బయటి నుంచి ఎవరూ లోపలికి రాలేరు. ఫైబర్ కనెక్షన్ ఉన్న చోటల్లా ముందు ఈ అడ్రసు చూడమని చెబుతాను. రౌటరు పేజీలో కనిపించే అడ్రసూ, బయటి వెబ్‌సైటు చూపే మన అడ్రసూ ఒకటి కాకపోతే వ్యవహారం ఇదే.

రెండు మార్గాలు మిగిలాయి. ముంబైలో ఒక చిన్న సర్వరు అద్దెకు తీసుకుని రెండు యంత్రాలనూ దానికి కట్టడం ఒకటి. నెలనెలా కొంత చెల్లించి ఒంగోలు కనెక్షన్‌కు మారని పబ్లిక్ అడ్రసు తీసుకోవడం ఇంకొకటి. అద్దె సర్వరు చాలామందికి ఇష్టమైన మార్గం, రెండు వైపులా అడ్రసు లేనప్పుడు అదే దిక్కు కూడా. ఇక్కడ మాత్రం వద్దన్నాను. మూడో యంత్రం అంటే దాని అప్‌డేట్లు, దాని భద్రత, దాని బిల్లు, ఇరవై కిలోమీటర్ల దూరానికి ముంబై దాకా వెళ్ళి వచ్చే ప్యాకెట్లు. స్థిర అడ్రసు తీసుకున్నాక ఒంగోలు రౌటరులో 51820 యూడీపీ పోర్టును ఆఫీసు యంత్రానికి మళ్ళించాం. బయటి నుంచి తెరిచింది అదొక్కటే.

అమరిక గురించి పెద్దగా చెప్పేది లేదు. టన్నెల్ లోపల ఒంగోలుకు 10.57.0.1, చీమకుర్తికి 10.57.0.2. ఒక్కో యంత్రం అవతలి యంత్రం అడ్రసును మాత్రమే అనుమతిస్తుంది. రెండు చోట్లా లోపలి నెట్‌వర్కు 192.168.1తోనే మొదలవుతుంది, రౌటర్లు అలాగే వస్తాయి. రెండు ఆఫీసుల నెట్‌వర్కులనూ మొత్తంగా కలపాలంటే ఒక వైపు మార్చక తప్పేది కాదు. మనకు కావలసింది రెండు యంత్రాలే కాబట్టి ఆ జోలికి పోలేదు. చీమకుర్తిలో కాటా గది దగ్గరకు వచ్చిన ప్రతి డ్రైవరు ఫోనూ ఆ వైఫైలోనే ఉంటుంది. వాటికి ఖాతాల యంత్రం దాకా దారి వేయడం నాకు ఇష్టం లేదు.

ఒక్కో యంత్రానికి రెండు కీలు: అవతలి వైపుకు ఇచ్చే పబ్లిక్ కీ, దాచుకోవలసిన ప్రైవేటు కీ. ఏ యంత్రానివి ఆ యంత్రంలోనే పుట్టించాను. పబ్లిక్ కీ 44 అక్షరాలది, చివర సమాన గుర్తు ఉంటుంది. దాన్ని ఫోనులో పంపుకున్నా ఫరవాలేదు. మేనేజరు గారు ప్రైవేటు కీ కూడా తన డైరీలో రాసుకుంటానన్నారు.

"అది యంత్రం దాటి బయటికి రాకూడదండీ. యంత్రం పాడైతే కొత్త కీ పుట్టించుకుందాం" అన్నాను.

"మరి పాతది ఎవరికైనా దొరికితే?"

"ఒంగోలు వైపు అమరికలో ఆ యంత్రం పబ్లిక్ కీ ఉన్న పంక్తి తీసేస్తే సరి, ఇక అది ఎందుకూ పనికిరాదు."

డైరీ మూసేశారు.

చీమకుర్తి వైపు 25 సెకన్లకు ఒకసారి ఖాళీ ప్యాకెట్ పంపే ఏర్పాటు తప్పనిసరి. కొంతసేపు ప్యాకెట్లు లేకపోతే మధ్యలోని మొబైల్ నెట్‌వర్కు ఆ కనెక్షన్ సంగతి మరిచిపోతుంది. ఆ తరువాత ఒంగోలు నుంచి ఏదైనా పంపితే చేరదు. డేటా అయిపోతుందేమోనని మేనేజరు అడిగారు. ఒక్కో ఖాళీ ప్యాకెట్ తలకట్టుతో (ముందు చేరే అడ్రసు వగైరా వివరాలతో) కలిపి 60 బైట్లు, రోజుకు 3,456 ప్యాకెట్లు, మొత్తం 200 కిలోబైట్ల పైన కాస్త. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే శుభోదయం ఫోటో ఒకటి ఇంతకన్నా పెద్దదే కావచ్చు.

ఫోటో ఆగిన చోటు

టన్నెల్ లేచింది. పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందా అని చూసే ప్యాకెట్) వెళుతోంది, లాగిన్ అవుతోంది. కాటా చీటీ అక్షరాల ఫైలు క్షణంలో ఒంగోలు చేరింది. ఫోటో మాత్రం కదలలేదు. పంపే ప్రోగ్రాము సున్నా శాతం చూపిస్తూ అలాగే ఉండిపోయింది, తప్పు జరిగిందని కూడా చెప్పలేదు. కాటా గుమస్తా ఫోను చేసి, "సార్, బరువు వెళ్తోంది, ఫోటో వెళ్ళడం లేదు" అన్నాడు. ఈ పనిలో ఉన్నవాళ్ళకు ఆ ఒక్క మాట చాలు. చిన్నవి దాటి పెద్దవి దాటకపోతే చూడవలసింది ఎమ్‌టీయూ, అంటే ఒక్క ప్యాకెట్‌కు ఉన్న గరిష్ఠ పరిమాణం.

లారీ మీద బ్లాకు ఎక్కించినప్పుడు ఎత్తు చూసుకోకుండా బయలుదేరితే రైలు వంతెన కింద ఆగిపోతుంది. ఇక్కడా అంతే, కాకపోతే లారీ ఆగిపోయిందని ఎవరూ వెనక్కి కబురు పంపరు. వైర్‌గార్డ్ ప్రతి ప్యాకెట్‌కూ తన తలకట్టు చేరుస్తుంది: పాత అడ్రసు పద్ధతి ఐపీవీ4 మీద 60 బైట్లు, కొత్తదైన ఐపీవీ6 మీద 80. మామూలు లైనులో 1500 బైట్ల ప్యాకెట్ పడుతుందని నమ్మి, పెద్ద తలకట్టునే లెక్కవేసుకుని, అది టన్నెల్‌కు 1420 అని పెట్టుకుంటుంది. మొబైల్ లైనులో 1500 పడుతుందన్న హామీ లేదు. పట్టని ప్యాకెట్‌ను దారిలో ముక్కలు చేసినా, పోర్టు నంబరు ఉండేది మొదటి ముక్కలోనే కాబట్టి మిగతావాటిని కొన్ని నెట్‌వర్కులు పారేస్తాయి. ఒంగోలు వైపు టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లను చూపే ప్రోగ్రాము) పెట్టి చూస్తే దృశ్యం స్పష్టంగా ఉంది. చిన్న ప్యాకెట్లు వరుసగా వస్తున్నాయి, ఫోటో మొదలైన క్షణం నుంచి పెద్దది ఒక్కటీ లేదు.

ఇలాంటప్పుడు ఎమ్‌టీయూకు 1280 అనే చిన్న అంకె పెట్టి చేతులు దులుపుకోవచ్చు, పని జరుగుతుంది. నేను కొలవడమే మేలనుకుంటాను. టన్నెల్ బయట, చీమకుర్తి నుంచి ఒంగోలు పబ్లిక్ అడ్రసుకు, ముక్కలు చేయవద్దన్న షరతుతో పింగ్ పంపుతూ పరిమాణం తగ్గించుకుంటూ వచ్చాను. 1400 దాటింది, 1401 దాటలేదు. పింగ్ తలకట్టు 28 కలిపితే దారి పరిమితి 1428. అందులోంచి 60 తీస్తే 1368. సిమ్ము ఎప్పుడైనా వేరే టవరుకు మారితే తేడా రావచ్చని కొంత జాగా వదిలి, రెండు వైపులా 1360 పెట్టాను. ఒక వైపు పెట్టి రెండో వైపు మరిచిపోవడం ఈ పనిలో చాలా సాధారణం. అప్పుడు మార్చని వైపు నుంచి పంపే, టీసీపీ కాని పెద్ద ప్యాకెట్లు ఆగిపోవచ్చు, వెతుకులాట మళ్ళీ మొదలవుతుంది.

ఫోటో వెళ్ళింది. పనిలో పనిగా కెమెరా ఇస్తున్న మూడు మెగాబైట్ల ఫోటోను నంబరు ప్లేటు చదవడానికి సరిపడే 250 కిలోబైట్లకు తగ్గించాం. మధ్యలో తెగితే ఆగిన చోటి నుంచే కొనసాగేలా ఆర్‌సింక్ అనే ఫైళ్ళు పంపే ప్రోగ్రాముతో పంపుతున్నాం.

గడియారం

ఈ కేసులో అసలు పట్టుకున్న చిక్కు ఆ తరువాత మొదలైంది. కొన్ని ఉదయాలు టన్నెల్ లేచేది కాదు. చీమకుర్తిలో ఇంటర్నెట్ ఉండేది. "యూట్యూబ్ ఆడుతోంది సార్, ఒంగోలు మాత్రం తగలడం లేదు" అనేవాడు గుమస్తా. కాటా యంత్రాన్ని ఆపి మళ్ళీ పెట్టినా ఫలితం లేదు. ఒంగోలు వైపు టన్నెల్‌ను ఒకసారి దించి లేపితే చాలు, వెంటనే కలిసేది.

దీంతో తప్పు ఒంగోలుదేనని అందరూ తీర్మానించారు. ఫైబర్ వేసినవాళ్ళు వచ్చి రౌటరు మార్చారు, కేబుల్ కొసలు మళ్ళీ అతికారు. ఒంగోలు యంత్రంలో టన్నెల్‌ను రోజూ తెల్లవారుజామున దించి లేపే ఏర్పాటు పెడితే పోదా అని కూడా ఒకరు సలహా ఇచ్చారు. అలా పెడితే లక్షణం కనబడకుండా పోతుంది, జబ్బు ఉండిపోతుంది. నేను ఒప్పుకోలేదు.

దారి చూపింది కరెంటు. టన్నెల్ లేవని ప్రతి ఉదయానికి ముందు రాత్రి చీమకుర్తిలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీలు ముసలివి, పది నిమిషాలు కూడా మోయవు. కరెంటు ఉండగా యంత్రాన్ని ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా టన్నెల్ చక్కగా లేచేది. తేడా రీస్టార్ట్‌లో లేదు, కరెంటు పూర్తిగా పోవడంలో ఉంది.

ఒంగోలు యంత్రంలో వైర్‌గార్డ్ వివరాల లాగ్ (జరిగినవన్నీ రాసుకునే చిట్టా) తెరిచాను. మామూలుగా అది మౌనంగా ఉంటుంది, అడిగితేనే మాట్లాడుతుంది. చీమకుర్తి నుంచి హ్యాండ్‌షేక్ విన్నపాలు, అంటే టన్నెల్ కలపమనే తొలి పలకరింపులు, ఐదు సెకన్లకు ఒకటి చొప్పున వస్తున్నాయి, ప్రతిదాన్నీ చెల్లదని తిరస్కరిస్తోంది. కీలు మారలేదు, మరి ఎందుకు చెల్లవు? అప్పుడు చీమకుర్తి యంత్రం లాగ్ చూస్తే ఆ ఉదయపు పంక్తుల మీద ఏళ్ళ వెనకటి తేదీ ఉంది. మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్ళంత బ్యాటరీ, సీఆర్2032, ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు ఉన్నంతసేపు గడియారం నడుస్తుంది. కరెంటు పోతే కాలం వెనక్కి పోతుంది.

వైర్‌గార్డ్‌కు గడియారంతో పని ఏమిటని చాలామంది అడుగుతారు. హ్యాండ్‌షేక్ మొదలుపెట్టే ప్యాకెట్‌లో పంపిన సమయం గుప్తంగా ఉంటుంది. అందుకున్న యంత్రం ఒక్కో అవతలి యంత్రం నుంచి తాను చూసిన సమయాల్లో అన్నిటికన్నా తరువాతిదాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఆ తరువాత దానికి సమానమైనా, దానికి ముందుదైనా సమయంతో ఏది వచ్చినా పట్టించుకోదు. ఎవరైనా పాత ప్యాకెట్‌ను దారిలో పట్టుకుని మళ్ళీ పంపి మోసం చేయకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. గడియారం సరైన సమయం చూపాలని దానికి పట్టింపు లేదు, వెనక్కి వెళ్ళకూడదు, అంతే. ఒంగోలు వైపు టన్నెల్‌ను దించి లేపితే ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది కాబట్టి ఎన్నేళ్ళ వెనకటి తేదీతో వచ్చినా రానిస్తుంది. తప్పు చీమకుర్తిలో ఉండి మందు ఒంగోలులో పనిచేయడానికి కారణం ఇదే.

మరి ఒంగోలు యంత్రమే ముందు పలకరిస్తే కలవదా? దాని సమయం సరైనదే కాబట్టి చీమకుర్తి ఒప్పుకుంటుంది కదా? సూత్రం ప్రకారం నిజమే. కానీ కరెంటు వచ్చాక చీమకుర్తి యంత్రం కొత్త పోర్టు నుంచి మాట్లాడుతోంది. తిరస్కరించిన ప్యాకెట్ ఎక్కడి నుంచి వచ్చిందో ఒంగోలు రాసుకోదు. దాని దగ్గర ఉన్నది నిన్నటి పోర్టు, అటు పంపినవి గాలిలో కలిసిపోతున్నాయి.

సమయం ఇంటర్నెట్ నుంచి సర్దుకోవాలి కదా అంటే, ఇక్కడే ముడి పడింది. చీటీ మీద సమయమూ బిల్లు మీద సమయమూ సెకనుతో సహా కలవాలని లెక్కలవాళ్ళు మొదటే పట్టుబట్టడంతో, చీమకుర్తిలో గడియారం సర్దే క్రోనీ అనే ప్రోగ్రాముకు సమయం ఇచ్చేది ఒంగోలు యంత్రం ఒక్కటే అయింది. అది టన్నెల్ లోపల 10.57.0.1లో ఉంది. టన్నెల్ లేవాలంటే గడియారం కావాలి, గడియారం దిద్దుకోవాలంటే టన్నెల్ కావాలి. ఒంగోలులో ఎవరైనా దించి లేపిన మరుక్షణం సమయం కూడా సర్దుకునేది, కాబట్టి మధ్యాహ్నం ఎవరు పరీక్షించినా తప్పు దొరికేది కాదు.

బిల్లుల జాబితాలోనూ దీని జాడ ఉంది, ఎవరూ గమనించలేదు. టన్నెల్ లేని ఆ గంటల్లో తూచిన చీటీలు పాత తేదీతో అచ్చయ్యేవి. తరువాత ఒంగోలు చేరినా, తేదీ వరుసలో పేర్చడంతో కొత్తవాటి పక్కన కాక అట్టడుగున పడేవి. గుమస్తాలు అవి రాలేదనుకుని ఫోనులో బరువు అడిగి మళ్ళీ ఎక్కించేవారు. రెండుసార్లు ఎక్కిన లారీలను వెతికి సరిచేయడం టన్నెల్ పనికన్నా పెద్ద పనైంది.

దిద్దుబాటు చిన్నదే. ఒంగోలులో వాచీల దుకాణంలో దొరికే బ్యాటరీ వేశాం. రెండు యంత్రాలూ టన్నెల్‌తో సంబంధం లేకుండా బయటి సమయ సర్వర్ల నుంచే నేరుగా సమయం తీసుకునేలా మార్చాం. రెండూ ఒకే సమయాన్ని అనుసరిస్తే ఒకదానితో ఒకటి కలుస్తాయి, లెక్కలవాళ్ళకు కావలసిందీ అదే. యంత్రం లేచినప్పుడు ముందు సమయం సర్దుకుని, ఆ తరువాతే టన్నెల్, దాని వెనుక కాటా ప్రోగ్రాము మొదలయ్యేలా వరుస పెట్టాను. ఇంటర్నెట్ లేని రోజు ఇది కాటాను నిలిపేయకూడదు కాబట్టి ఎదురుచూపుకు రెండు నిమిషాల గడువు ఉంది. గడువు దాటితే బ్యాటరీ చూపిన సమయంతోనే పని మొదలవుతుంది, తెర మీద ఎర్ర అక్షరాలతో ఆ సంగతి కనిపిస్తుంది. సరిచూడటానికి కొత్త బ్యాటరీని కావాలనే తీసేసి, ప్లగ్గు లాగి, మళ్ళీ పెట్టాం. యంత్రం పాత తేదీతో లేచింది, సమయం దిద్దుకుంది, టన్నెల్ ఎవరూ ముట్టకుండానే కలిసింది. ఆ తరువాతే బ్యాటరీ తిరిగి బిగించాం.

యూపీఎస్ బ్యాటరీలు మార్చమని రాసి ఇచ్చాను. ఇంకా మార్చలేదు.

ఇప్పుడు యజమాని అడుగుతున్నది రాత్రిపూట స్టాకు యార్డు కెమెరాను ఒంగోలు ఇంట్లో కూర్చుని ప్రత్యక్షంగా చూడటం. టన్నెల్ దానికి అడ్డు కాదు, సిమ్ము అడ్డు. సెకనుకు 2 మెగాబిట్ల వీడియో ఆపకుండా పంపితే ఒక్క కెమెరాకే రోజుకు 21 గిగాబైట్లు దాటుతుంది. ప్రస్తుతానికి రాత్రి పది గంటల పాటు పది నిమిషాలకు ఒక ఫోటో చొప్పున పంపుతున్నాం. అరవై ఫోటోలు, రాత్రికి 15 మెగాబైట్లు. చీమకుర్తికి ఫైబర్ వచ్చాక వీడియో సంగతి మాట్లాడదామన్నాను. అప్పుడు 1360 అంకెను కూడా కొత్త లైను మీద మళ్ళీ కొలవాలి.